మూడు లింకులు

తొమ్మిదేండ్లు మలక్‌పేటల కట్టుడు పండ్లు పోసిన.
మంది నోళ్ళకు కొలతలు తీసి తీసి
నా చేతికి ఒక కొలత తీయించుకుందామనిపించింది.

అర్ధరాత్రి ఫోన్‌ల చూసేటోణ్ణి.
రెండు వేళ్ళతో లాగితే డయలు
గంగాళం మూతంత అయ్యేది.
ఇంకుబుడ్డి అడుగున మిగిలే నీలం.
కింద ఎర్రగీత కొట్టేసిన ధర,
దాని కింద ఇంకో ధర.
షాపుకూ దీనికీ నలబై రెండు వేలు తేడా.
తేడా అంటే మా ల్యాబుకు కొత్త కొలిమి.
రెండే మిగిలినయని బెదిరించేది.
నెలైనా ఆ రెండూ రెండుగనే ఉన్నయి.

ఫోన్ అంతా చెప్పింది, బరువు తప్ప.

బరువు కోసమే పోయిన
అమీర్‌పేటల బండి మారి, జూబ్లీహిల్స్ షాపుకు.
చెమట ఆరేదాక కాపలాయన పక్కన నిలబడ్డ.
ఆయన చేతికి వాచీ లేదు.

అద్దాల తలుపు అవతల చలికాలం.
పేరు బిళ్ళ మీద ప్రిస్కిల్ల అని ఉన్నది.
నా చెప్పులు చూడలె, మణికట్టు చూసింది.
నల్ల చేతొడుగులు వేసుకొని
మైనంలకెల్లి పండ్ల సెట్టును నేను తీసినట్టే తీసింది,
ఊపిరి బిగబట్టి.

ముందు చల్లగ. తర్వాత బరువు.
తర్వాత నా ఒంటి వేడి తాగి
నాదే అయినట్టు ఊరుకున్నది.
వెనక్కి తిప్పి చూపింది: అద్దం కింద ఒక చిన్న చక్రం
అటు పోదునా, ఇటు పోదునా అని
సెకనుకు ఎనిమిదిసార్లు ఆలోచిస్తున్నది.

"మీకు మూడు లింకులు తీయాలె సార్.
అటు రెండు, ఇటు ఒకటి."
చాయ్ తెప్పించింది.
రాత్రి తొమ్మిదికీ మూడుకీ మధ్య
తారీఖు మార్చొద్దన్నది.
ఆ ఘడియల్ల లోపలి చక్రాల పండ్లు
ఒకదాన్నొకటి కరుచుకొని ఉంటయట.
పండ్ల సంగతి నాకెరుకే అన్న. నవ్వింది.
నలబై నిమిషాలు.

"ఇంట్ల అడిగి చెప్త" అన్న.
ఇంట్ల అడగనీకి ఎవరూ లేరు.
ఆ మాట ఎన్నిసార్లు విన్నదో,
గుడ్డతోని నా వేలిముద్రలు తుడిచి
"తప్పకుండ సార్" అన్నది. తలుపు దాక వచ్చింది.

మెట్రో మెట్ల మీదనే కొన్న. బొటనవేలితోని.

మూడో నాడు పిలగాడు వచ్చిండు, హెల్మెట్ తీయకుండనే.
ఎవరివో ఉల్లిగడ్డల పక్కన వేసుకొచ్చిండు.
"ఓటీపీ చెప్పన్నా, జల్ది."
ఆరంకెలు చెప్పిన.
లక్షా ఎనబై వేలు, లిఫ్టు లేని మూడో అంతస్తుల,
పదకొండు సెకన్లల చేతులు మారింది.
మంచినీళ్ళియ్యనా అంటే
"వద్దన్నా" అన్న మాట కింది మెట్లకెల్లి వచ్చింది.
వాని టైమును ఎవడో ఎక్కడో కొలుస్తున్నడు.

డబ్బాల డబ్బా, దాంట్ల ఇంకో డబ్బా.
తొడుక్కున్న. చెయ్యి దించితే
జారి, తిరిగి, మొఖం అరచేతిల దాచుకున్నది.
మూడు లింకులు.

ఆ షాపుకు ఏ మొఖంతో పోవాలె?
ఆబిడ్స్‌ల మెట్ల కింద, బల్లంత దుకాణం.
గౌస్ భాయ్ కంటికి భూతద్దం బిగించి
చాలాసేపు మాట్లాడలె.
అసలుదేనా అని నోరు అడగలె, గుండె అడిగింది.
"అసలుదే. ఎక్కడ తీస్కున్నరు?"
"ఫోన్‌ల."
"మరి లింకులు గూడ ఫోన్‌నే తీయమనకపోయిన్రా?"
సూదితోని పొడిచిండు. అటు రెండు, ఇటు ఒకటి.
రెండొందలు.
తీసిన మూడింటిని ఉర్దూ పేపర్ల పొట్లం కట్టి
"పారెయ్యకుండ్రి, చెయ్యి లావైతే పనికొస్తయి" అన్నడు.

ఇప్పుడు బిగుతుగ కూసున్నది.
కొలిమి కూడ కొన్న, మంచిగనే కాలుతది.
నేనేం మోసం చేయలె, ఎవరూ అనలె గూడ.
కాకపోతే నెలాఖరు రాత్రి తారీఖు మార్చబోతే
తొమ్మిది దాటిందిగద అని చెయ్యి ఆగుతది.
ఆ ఆగుడు ఏ డబ్బాలనూ రాలె.

మొన్న పనిబడి ఆ రోడ్డుమీదికెల్లి పోయిన.
అద్దం అవతల ప్రిస్కిల్ల
ఎవరిదో చెయ్యి పట్టుకొని
రెండు వేళ్ళు చూపిస్తున్నది.

ఆయనకు రెండు లింకులేమో.